పాత కారుకు స్టీల్ బ్రేక్ హోస్‌లు వేయించాలా?

ప్రశ్న: నాన్నగారు వాడిన కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. దాని వయసు 26 ఏళ్లు. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇంజన్‌కు వంక పెట్టడానికి లేదు కానీ బ్రేక్ పెడల్ మెత్తగా, స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉంటుంది. ఈమధ్య కాస్త దూరం నడిపి ఆపితే ముందు ఎడమ చక్రం దగ్గర వేడి కొడుతోంది, కాలిన వాసన కూడా వస్తోంది. మెకానిక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) మార్చాలంటున్నాడు. కార్ల పిచ్చి ఉన్న స్నేహితుడేమో చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్‌ను మోసే వంగే గొట్టాలు, అంటే రబ్బరు హోస్‌లు, తీసేసి స్టీల్ అల్లిక ఉన్నవి వేయించమంటున్నాడు, బండి ఉన్నచోటే ఆగిపోతుందట. ఖర్చు తగ్గించుకోవడానికి ముందు చక్రాలకు మాత్రమే మారిస్తే చాలా? ఈ పని నేనే చేసుకోవచ్చా? ఇంజన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను.

సమాధానం: పెడల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఎడమ చక్రం ఎందుకు వేడెక్కుతోందో తేలేదాకా కారు బయటికి తీయకండి. కాలు తీసినా ప్యాడ్లు డిస్కును వదలడం లేదంటే, నడిపినంతసేపూ ఆ వేడి కాలిపర్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్‌కు చేరుతూనే ఉంటుంది. ఏళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుని ఉంటుంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టాక ఉండాల్సిన కనీసం 140 మాత్రమే. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే తగ్గదు, ఆవిరి తగ్గుతుంది. అప్పుడు పెడల్ ఉన్నట్టుండి నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

మెకానిక్ మాట తప్పని నేననను. కాలిపర్‌లో పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకోవడం పాత కార్లలో మామూలే. కానీ కాలిపర్ కొనేముందు హోస్‌ను అనుమానించాలి. పాత రబ్బరు హోస్ పైకి శుభ్రంగా కనిపిస్తూనే లోపల చెడిపోగలదు. లోపలి గొట్టం ఉబ్బుతుంది, పొర ఊడి వేలాడుతుంది, దారి సన్నబడిపోతుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి ఆయిల్ ఎలాగోలా తోసుకుని కాలిపర్‌లోకి వెళ్లిపోతుంది. కాలు తీశాక దాన్ని వెనక్కి పంపడానికి అంత బలం ఉండదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొద్దిగా వెనక్కి లాగుతుంది, అంతే. ఆ కాస్త బలానికి మూసుకుపోయిన దారి తెరుచుకోదు. సైకిల్ ట్యూబుకుండే వాల్వులాగా లోపలికి పంపిస్తుంది, బయటికి వదలదు.

దీన్ని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్మి చెయ్యి పెట్టవద్దు. లోపల ఒకరు కూర్చుని బ్రేకు రెండుమూడుసార్లు గట్టిగా తొక్కి వదలాలి. తర్వాత మీరు చక్రం తిప్పి చూడండి. పట్టేసి ఉంటే కాలిపర్ మీదున్న బ్లీడ్ నిపుల్‌కు (ఆయిల్‌నీ గాలినీ బయటికి వదిలే చిన్న స్క్రూ) చిన్న గొట్టం తగిలించి, దాని రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్‌ను కొంచెం వదులు చేయండి. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వదులైతే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. ఆయిల్ మామూలుగా కారి చక్రం అలాగే బిగుసుకుని ఉంటే తప్పు కాలిపర్‌దే. పిస్టన్ అయినా కావచ్చు, కాలిపర్ జారే పిన్నులైనా కావచ్చు. పిన్నులైతే శుభ్రం చేసి, వాటికి సరిపడే గ్రీజు పెడితే పనైపోతుంది, కొత్త కాలిపర్ అక్కర్లేదు.

ఒత్తిడి చిక్కుకుందని తేలితే ఇంకో మెట్టు ఉంది. నిపుల్ బిగించి, మళ్లీ బ్రేకు తొక్కించి వదిలించండి. ఈసారి హోస్ పై చివర, అది స్టీల్ పైపుతో కలిసే చోట నట్టు వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం ఫ్రీ అయిందంటే హోస్ మంచిదే, అడ్డం ఇంకా పైన, అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసే భాగం) వైపు ఉంది. అక్కడ వదిలినా చక్రం కదలక, నిపుల్ దగ్గర వదిలితేనే కదిలితే దొంగ హోసే. మీకు వేడెక్కుతున్నది ఒక్క చక్రమే కాబట్టి మాస్టర్ సిలిండర్ మీద నాకు అనుమానం తక్కువ. అక్కడ తేడా ఉంటే ఆ సర్క్యూట్‌లో, అంటే అదే ఆయిల్ దారిలో, ఉన్న రెండో చక్రం కూడా పట్టేయాలి. కొన్ని కార్లలో ముందు చక్రం, దానికి ఎదురుమూలనున్న వెనక చక్రం ఒకే సర్క్యూట్‌లో ఉంటాయి. కాబట్టి కుడి వెనక డ్రమ్ముకు దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూడడం మర్చిపోవద్దు.

ఇంకొక్క చోటు చూడండి. కొన్ని హోస్‌లకు మధ్యలో ఇనుప పట్టీ ఉంటుంది, హోస్ ఊగిపోకుండా బాడీకో సస్పెన్షన్‌కో బిగించడానికి. ఆ పట్టీ లోపలి వైపు తుప్పు పేరుకుంటే అదే హోస్‌ను చుట్టూ నొక్కేస్తుంది. రబ్బరులో లోపం లేకపోయినా దారి మూసుకుపోతుంది. బయటికి చిన్న తుప్పు మరక తప్ప ఏమీ కనిపించదు.

ఇక మెత్తటి పెడల్. దీనికి హోస్‌లు ఒక కారణం మాత్రమే, అదీ చాలాసార్లు మొదటి కారణం కాదు. ఇంజన్ ఆపి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో (కాలి బలాన్ని పెంచే భాగం) మిగిలిన వాక్యూమ్ అయిపోనిచ్చి, అప్పుడు చూడండి. వెంటవెంటనే తొక్కితే పెడల్ పైకి లేచి గట్టిపడుతుంటే లైనులో గాలి ఉంది, లేదా వెనక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే బ్రేక్ ముక్కలు) బాగా దూరంగా ఉన్నాయి. ఈ రెంటినీ వేరు చేయడానికి హ్యాండ్ బ్రేకు లాగి మళ్లీ తొక్కండి. పెడల్ వెంటనే ఎత్తులో దొరికితే షూలు అడ్జస్ట్ చేస్తే సగం బాధ పోతుంది. పాత కార్లలో ఆటోమేటిక్ అడ్జస్టర్లు తుప్పు పట్టి ఆగిపోయి ఉంటాయి, ఎవరూ డ్రమ్ము విప్పి చూడరు. కాలు అదిమి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అరిగాయి. ఎన్నిసార్లు తొక్కినా ఒకే ఎత్తులో, ఒకేలా మెత్తగా ఉంటేనే హోస్‌లు ఉబ్బుతున్నాయని అనుకోవాలి. అప్పుడు ఒకరు తొక్కుతుంటే మీరు ముందు హోస్ చుట్టూ వేళ్లు వేసి పట్టుకోండి. ఉబ్బడం వేళ్లకు తెలిసిందంటే ఆ హోస్ పని అయిపోయింది.

ఒక మాట. బ్రేకు మీద కాలుంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. అది బూస్టర్ పని చేస్తోందనడానికి గుర్తు, జబ్బు కాదు. దీన్ని చూసి టెన్షన్ పడి మాస్టర్ సిలిండర్లు మార్చుకున్నవాళ్లున్నారు.

హోస్ లోపల ఏముంటుందో తెలిస్తే స్నేహితుడి సలహాను మీరే తూచగలరు. ఇప్పటి రబ్బరు హోస్‌లో లోపల ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు గొట్టం, దాని మీద గట్టి దారంతో అల్లిన రెండు పొరలు, ఆపైన మళ్లీ రబ్బరు తొడుగు ఉంటాయి. ఒత్తిడిని ఆపేది ఆ దారపు అల్లికే. రబ్బరు ఆయిల్‌ను లోపల ఉంచుతుంది, నీళ్లూ దుమ్మూ అల్లికకు తగలకుండా చూస్తుంది. స్టీల్ రకంలో లోపల టెఫ్లాన్ గొట్టం, దాని మీద స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక, మంచి రకాలకు ఆ పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. టెఫ్లాన్ దాదాపు ఉబ్బదు, ముసలిదవదు, తేమను కూడా రబ్బరంత తేలిగ్గా లోపలికి రానివ్వదు.

ఉబ్బడమంటే ఎంత? అమెరికా భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 106లో దీనికి హద్దు ఉంది. లోపలి వ్యాసం అంగుళంలో ఎనిమిదో వంతు ఉన్న మామూలు హోస్ 1000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి దగ్గర అడుగు పొడవుకు 0.66 సీసీ కన్నా ఎక్కువ ఉబ్బకూడదు. తక్కువ ఉబ్బే రకమైతే 0.33 సీసీ దాటకూడదు. నాలుగు హోస్‌లు కలిపి మీటరు పొడవు అనుకుందాం. సరిగ్గా హద్దు దగ్గరున్న మామూలు హోస్‌లైతే మొత్తం రెండు సీసీలకు కాస్త పైన మింగేస్తాయి. మాస్టర్ సిలిండర్ వ్యాసం 19 మిల్లీమీటర్లైతే దాని పిస్టన్ ఏడెనిమిది మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. పెడల్ నిష్పత్తి 5 అయితే, అంటే పిస్టన్ కన్నా పెడల్ అయిదు రెట్లు కదిలితే, కాలి కింద అది మూడున్నర సెంటీమీటర్ల పైమాటే. తక్కువ ఉబ్బే రకమైతే అందులో సగం. 1000 పీఎస్ఐ అంటే బాగా గట్టిగా తొక్కినప్పటి మాట, రోజూ సిగ్నల్ దగ్గర ఆపేటప్పుడు అంత ఒత్తిడి రాదు. అయినా ఈ తేడా కాలికి తెలిసేదే. స్టీల్ హోస్‌లు వేస్తే పెడల్ గట్టిగా అనిపించడం భ్రమ కాదని ఒప్పుకోవాలి.

కానీ ఆ లెక్కలో మీ స్నేహితుడు చూడనివి రెండున్నాయి. తక్కువ ఉబ్బే గుణం స్టీల్‌కే సొంతం కాదు. పైన చెప్పిన ప్రమాణం పాటించే హోస్ మీద మామూలు రకానికి హెచ్ఆర్, తక్కువ ఉబ్బే రకానికి హెచ్ఎల్ అని అచ్చేసి ఉంటుంది. హెచ్ఎల్ గుర్తున్న కొత్త రబ్బరు హోస్‌లు దొరికితే మీకు కావాల్సిన గట్టి పెడల్ చాలామట్టుకు వాటితోనే వచ్చేస్తుంది. ఇక రెండోది. హోస్ ఉబ్బితే కాలు ఎక్కువ దూరం వెళ్తుంది, అంతే. చివరికి కాలిపర్‌కు చేరే ఒత్తిడి మీ కాలు, బూస్టర్ కలిసి పుట్టించినదే, హోస్ దాన్ని పెంచదు. బండి ఎంత దూరంలో ఆగుతుందనేది టైర్లు రోడ్డును ఎంత పట్టుకుంటాయనే దాని మీద ఉంటుంది. ఏబీఎస్ లేని కారులో గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయి. అంటే బ్రేకుకు ఉండాల్సిన బలం ముందే ఉంది. గట్టి పెడల్ వల్ల ఆ హద్దుకు కొంచెం దిగువన కాలు ఆపుకోవడం సులువవుతుంది. అది మంచిదే. 'ఉన్నచోటే ఆగుతుంది' మాత్రం ఉత్త మాట. టైర్లు కూడా పాతబడి గట్టిపడి ఉంటే ఆ డబ్బు టైర్లకు పెట్టండి.

ఇంకో విషయం, ఇలాంటి మార్పు చేసినవాళ్లు చెప్పే 'రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా'లో హోస్ వాటా ఎంతో ఎవరూ విడదీసి చూడరు. ఇరవై ఏళ్ల హోస్‌లు తీసి కొత్తవి వేశారు, ఆయిల్ మొత్తం మార్చారు, గాలంతా తీశారు. రబ్బరువే కొత్తవి వేసినా ఆ తేడాలో పెద్ద భాగం కనిపించేది.

స్టీల్ హోస్‌కు తన సొంత ఇబ్బందులు ఉన్నాయి. పైన తొడుగు లేని రకంలో ఇసుకా దుమ్మూ తీగల సందుల్లోకి చేరి, హోస్ కదిలినప్పుడల్లా లోపలి టెఫ్లాన్‌ను కొద్దికొద్దిగా కోస్తాయి. అదే హోస్ దేనికైనా రాసుకుంటే ఆకురాయిలా పని చేస్తుంది. పక్కనున్న వైరో పెయింటో అరిగిపోవాల్సిందే. రబ్బరు ముసలిదైతే చాలాసార్లు పైన పగుళ్లు కనిపిస్తాయి, ముందే తెలుస్తుంది. స్టీల్ అల్లిక కింద ఏం జరుగుతోందో కనిపించదు. టెఫ్లాన్‌ను ఇరుకుగా వంచితే ముడతపడుతుంది, ఆ ముడత మళ్లీ సర్దుకోదు. ఫిట్టింగు మొదట్లో వంపు పడకుండా కాపు లేని రకమైతే తీగలు అక్కడే అలసి తెగుతాయి.

మీ కారు రోజూ వాడే కారైతే నా ఓటు మంచి కంపెనీ కొత్త రబ్బరు హోస్‌లకే. కొండదారుల్లో జోరుగా నడిపే అలవాటుంటే, లేదా మీ మోడల్‌కు రబ్బరువి దొరక్కపోతే, దొరికినవి ఏళ్ల తరబడి షెల్ఫులో పడి ఉన్న సరుకైతే అప్పుడు స్టీల్‌కు వెళ్లండి. పాత మోడళ్లకు ఈ చివరి కారణమే తరచుగా ఎదురవుతుంది. హోస్ మీద తయారైన తేదీ ఉంటుంది, కొనేటప్పుడు చదవండి. పెట్టె కొత్తదైనంత మాత్రాన రబ్బరు కొత్తది కాదు. స్టీల్ తీసుకుంటే తొడుగున్నదే తీసుకోండి. ఫిట్టింగులు ఫ్యాక్టరీలో ప్రెస్ చేసి బిగించినవై ఉండాలి. స్పానర్‌తో విప్పి మళ్లీ బిగించుకునే ఫిట్టింగులు రేసు కార్లకు పనికొస్తాయేమో, రోడ్డు మీద తిరిగే కారుకు వద్దు. పైన చెప్పిన అమెరికా ప్రమాణం కూడా హైడ్రాలిక్ బ్రేక్ హోస్‌కు ప్రెస్ చేసిన శాశ్వత ఫిట్టింగులే కావాలంటుంది. జర్మనీ లాంటి చోట్ల ఈ మార్పుకు ఆమోద పత్రం ఉండాలి. మీ దగ్గర నియమమేమిటో కనుక్కుని, హోస్‌లతో వచ్చిన కాగితం దాచుకోండి.

ముందు రెండే మారిస్తే చాలా అని అడిగారు. చాలదు. కారుతో వచ్చిన 26 ఏళ్లనాటి హోస్‌లే ఇంకా ఉంటే అన్నీ ఒకే వయసువి, ఒకదాని లోపల చెడితే మిగతావి కూడా అదే దారిలో ఉన్నాయి. వెనక ఎన్ని ఉన్నాయో పడుకుని లెక్కపెట్టండి. కొన్ని కార్లలో బాడీ నుంచి వెనక యాక్సిల్‌కు ఒకటే హోస్ ఉంటుంది, కొన్నింటిలో రెండు. ఇంధన ట్యాంకు పైనో యాక్సిల్ వెనకో దాక్కుని ఉంటుంది కాబట్టి బండి జీవితమంతా మారని హోస్ అదే. కారుకు హైడ్రాలిక్ క్లచ్ ఉంటే దాని హోస్ కూడా అదే బ్యాచ్. ఎలాగూ ఆయిల్ తీస్తున్నారు, దాన్నీ మార్చేయండి.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది నట్టు మర (థ్రెడ్) దగ్గర. ఇక్కడే ప్రాణం మీదికి వచ్చే పొరపాటు జరుగుతుంది. పాత కార్లలో అంగుళాల కొలత మర, మెట్రిక్ మర రెండూ కనిపిస్తాయి. 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లున్న మర వ్యాసం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, ఒక్కో చుట్టు దూరం 1.06 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల మెట్రిక్ బ్రేక్ మరకు చుట్టు దూరం 1 మిల్లీమీటరు. అంగుళాల నట్టు మెట్రిక్ రంధ్రంలోకి వేళ్లతోనే హాయిగా వెళ్లిపోతుంది, బిగుసుకున్నట్టే ఉంటుంది కూడా. నిజంగా గట్టిగా తొక్కిన రోజు మరలు ఊడిపోతాయి. కాస్త వదులుగా, ఊగుతూ ఎక్కుతున్న నట్టును ఎప్పుడూ నమ్మకండి. పైపు చివరి ఆకారం కూడా చూడాలి. ఒక పద్ధతిలో పైపు చివర గరాటాలా విచ్చుకుని రెండు మడతలతో ఉంటుంది, ఇంకో పద్ధతిలో గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒక రకం పైపు రెండో రకం సీటులో కూర్చోదు, లీకవుతుంది. లీకును ఆపడానికి టెఫ్లాన్ టేపు చుట్టడం, జిగురు రాయడం బ్రేకుల్లో పనికిరాదు. అక్కడ ఆపేది లోహం మీద లోహం కూర్చోవడమే.

పొడవు విషయంలో పాత హోస్‌ను పక్కన పెట్టి కొలవండి, కానీ అది కారుకు సరైనదేనా అని కూడా ఆలోచించండి. సస్పెన్షన్ ఎత్తు ఎవరైనా మార్చి ఉంటే ఒరిజినల్ కొలత సరిపోకపోవచ్చు.

మీరే చేసుకోవచ్చా? ప్యాడ్లు మార్చే చేతికి ఇది అందని పని కాదు. చెడగొట్టేది నైపుణ్యం లేకపోవడం కన్నా తుప్పు. ముందురోజే అన్ని నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, రబ్బరు మీద పడనివ్వకండి. మామూలు ఓపెన్ స్పానర్ వాడితే ఆ మెత్తటి నట్ల మూలలు గుండ్రమైపోతాయి. బ్రేక్ పైపుల కోసమే నోరు కొంచెం తెరిచి ఉన్న రింగ్ స్పానర్ వస్తుంది, దాన్ని తెచ్చుకోండి. రెండో స్పానర్‌తో హోస్ వైపు కదలకుండా పట్టుకోవాలి. నట్టు తిరుగుతోంది కదా అని సంతోషపడకుండా దాంతోపాటు స్టీల్ పైపు మెలిపడుతోందా అని చూడండి. తుప్పు పట్టి పైపుకు అంటుకుపోయిన నట్టు పైపును మెలితిప్పి విరిచేస్తుంది. అలాంటిది ఒక్కటి ఎదురైనా ఆ ముక్క స్టీల్ పైపు కూడా మార్చాల్సిందే. రాగి, నికెల్ కలిసిన పైపు తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. దాని చివర విచ్చదీయడానికి పనిముట్టు, అనుభవం కావాలి. పైపులు మార్చే పరిస్థితి వస్తే అక్కడితో ఆగి తెలిసినవాళ్లకు అప్పగించండి.

పాత పైపు విప్పగానే రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ డబ్బా) ఖాళీ కాకుండా ఒక చిట్కా ఉంది. పెడల్‌ను ఒక అంగుళం కిందికి నొక్కి కర్రతో సీటుకు ఆనించి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ దారి మూసుకుంటుంది, కారడం ఆగుతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీగ తీసేయండి. ఒక్కో చక్రం పూర్తి చేసి ఇంకోదానికి వెళ్లండి, నాలుగూ ఒకేసారి విప్పుకుని కూర్చోవద్దు. కాలిపర్‌ను హోస్‌కు వేలాడదీయవద్దు, తీగతో స్ప్రింగుకు కట్టండి. బోల్టు మధ్యలోంచి ఆయిల్ వెళ్లే రకం ఫిట్టింగైతే దానికి రెండు వైపులా రాగి వాషర్లు ఉంటాయి. కొత్తవే వేయాలి, పాతవి ఒకసారి నలిగి గట్టిపడి ఉంటాయి. బిగింపు ఎంతో కారు మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి. బోల్టు మధ్యలో బోలుగా ఉంటుంది, చేతి అంచనాతో గట్టిగా తిప్పితే విరుగుతుంది.

హోస్ మెలిపడకూడదు. మెలిక కనిపించడానికే చాలా హోస్‌ల మీద పొడవునా గీత ఉంటుంది, బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి. సాధారణంగా తిరగని చివరను, అంటే కాలిపర్‌లోకి మరతో ఎక్కేదాన్ని ముందు బిగించి, పైన బ్రాకెట్లో కూర్చోబెట్టి క్లిప్పు కొట్టి, ఆఖరున స్టీల్ పైపు నట్టు బిగించాలి. తర్వాత స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడండి, చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడూ, కింద జాకీ పెట్టి సస్పెన్షన్ పైకి నొక్కినప్పుడూ చూడండి. ఏ స్థితిలోనూ హోస్ బిగుసుకోకూడదు, టైరుకో స్ప్రింగుకో తగలకూడదు. స్టీల్ హోస్ వేసినప్పుడు ఈ పరీక్షకు ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు.

ఆయిల్ రకం రిజర్వాయర్ మూత మీద రాసి ఉంటుంది. డాట్ 3 ఉన్న కారులో సాధారణంగా డాట్ 4 వేసుకోవచ్చు. డాట్ 5 మాత్రం వేయకండి, అది సిలికాన్, మిగతావాటితో కలవదు, పెడల్‌ను ఇంకా మెత్తగా చేస్తుంది. డాట్ 5.1 అనేది వేరు, అది డాట్ 4 కుటుంబమే. సీసా మీద ఆ చుక్క, ఒకటి ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి. కొత్త సీసా తెరవండి, ఎప్పుడో సగం వాడి పెట్టినది వద్దు. పెట్రోలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏ కొంచెం లోపలికి వెళ్లినా రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం బ్రేకు పనికి ఎసరు పెడతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడ్డచోట వెంటనే నీళ్లు పోసి కడగండి.

గాలి తీసేటప్పుడు పాత కారులో అందరూ చేసే పని పెడల్‌ను నేల దాకా కొట్టడం. మీరు అలా చేయకండి. ఇన్నేళ్లలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ పైభాగంలోనే తిరిగింది. కింది భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లొస్తే కోసుకుపోతాయి, మరుసటి వారం పెడల్ జారడం మొదలవుతుంది, నింద కొత్త హోస్‌ల మీద పడుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం దూరం మాత్రమే తొక్కించండి. లేదా నిపుల్ తెరిచి ఆయిల్‌ను దానంతట అదే కారనివ్వండి, ఆలస్యమవుతుంది కానీ ప్రమాదం లేదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్ చూడండి, మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్నదానితో మొదలుపెడతారు. వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి ఒత్తిడి తగ్గించే వాల్వు ఉంటే, చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు అది ఆయిల్‌ను సరిగా పోనివ్వదు. అలాంటప్పుడు స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టండి. అన్నీ చేసినా మెత్తదనం పోకపోతే కాలిపర్ బ్లీడ్ నిపుల్ పైవైపుకే ఉందా చూడండి. గతంలో ఎవరైనా కుడి ఎడమలు తారుమారు చేసి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, పైనున్న గాలి ఎన్ని సీసాలు పోసినా బయటికి రాదు.

చివర్లో ఇంజన్ ఆన్ చేసి, ఒకరు శక్తికొద్దీ పెడల్ అదిమి అర నిమిషం పట్టుకోవాలి, మీరు టార్చితో ప్రతి కలయికా చూడాలి. తుడిచి ఆరబెట్టిన చోట చిన్న తడి కనిపించినా కారు కదలకూడదు. అంతా పొడిగా ఉంటే ఖాళీ చోట నడక వేగంతో మొదలుపెట్టి బ్రేకులు చూడండి. కొన్ని రోజులు నడిపాక మళ్లీ ఒకసారి కింద పడుకుని హోస్‌ల మీద రాపిడి గుర్తులేమైనా ఉన్నాయేమో వెతకండి.

తీసేసిన ఎడమ హోస్‌ను పారేయకుండా పదునైన కత్తితో పొడవునా చీల్చండి. లోపల గొట్టం ముడుచుకుపోయి, పొర ఊడి ఉంటే వేడికి కారణం దొరికినట్టే. లోపల శుభ్రంగా ఉండి, చక్రం ఇంకా వేడెక్కుతుంటే మెకానిక్ చెప్పిన కాలిపర్ సంగతి చూడండి. దాన్ని మారిస్తే రెండో వైపుది కూడా విప్పించి పిస్టన్ తుప్పు చూడమనండి.